చుట్టిన తీగ విప్పితే పాత తీగేనా?

"పాత వైరు బాగానే ఉంది కదా, దాంతోనే చుట్టెయ్యరాదూ?" మోటారు కాలిన రైతు వైండింగ్ షాపులో తరచూ అడిగే మాట ఇది. రాగి ధర చూస్తే ఆ మాటను తప్పుపట్టలేం. అయితే జవాబు చెప్పాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. తీగను చుట్టినప్పుడు దాని ఆకారం ఒక్కటే మారుతుందా, తీగే మారిపోతుందా? ఈ విషయంలో ఒకరి మాట ఒకరికి పడని ఇద్దరి వాదన ఇక్కడ రాస్తున్నాను. ఒకరు మోనోబ్లాక్ మోటార్లు చుట్టిచుట్టి తల నెరిసిన మిస్త్రీ. ఇంకొకరు ఆయన మేనల్లుడు, మెకానికల్ ఇంజనీరు, స్ప్రింగులు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక 20 గేజి ఎనామిల్ తీగ ఉంది. బాడీ పగిలి మూలపడ్డ 5 హెచ్‌పీ మోటారులోంచి దాన్ని ఎవరో ఓపిగ్గా చుట్టు వెంట చుట్టు ఊడదీశారు. తన మోటారు చుట్టించుకోవడానికి ఆ తీగ తెచ్చిన రైతు కూడా పక్కనే ఉన్నాడు.

అల్లుడు: ఇది కాలిన తీగ కాదు మామయ్యా. మోటారు బాడీ పగిలింది గానీ వైండింగ్ చెక్కుచెదరలేదు. రాగి ఎప్పుడైనా రాగే. సాపు చేసి మళ్లీ చుడితే పోయేదేముంది? ఆ రైతు చేత కొత్త రాగి కొనిపించడం దేనికి?

మామ: రీలు మీద ఉన్నంతవరకే అది వైరురా. ఒకసారి కాయిలు అయ్యాక విప్పినా మళ్లీ ఆ వైరు రాదు.

అల్లుడు: మాట బాగానే ఉంది, లెక్కకు నిలవదు. 20 గేజి అంటే 0.914 మిల్లీమీటర్లు. దాన్ని 20 మిల్లీమీటర్ల గూటం మీద వంచావనుకో, బయటి అంచు ఎంత సాగుతుందో చెప్పడం తేలిక. తీగ మందాన్ని, గూటం మందమూ తీగ మందమూ కలిపిన దాంతో భాగించడమే. 4.4 శాతం వస్తుంది. మెత్తబరిచిన రాగి తీగ తెగాలంటే పాతిక, ముప్పై శాతం సాగాలి. నాలుగు శాతం ఏ మూలకు?

మామ: బయటి అంచు సంగతి చెప్పావు. మరి లోపలి అంచు?

అల్లుడు: అది దాదాపు అంతే నొక్కుకుంటుంది. నడుమ ఒక పొర మాత్రం సాగదు, నొక్కుకోదు.

మామ: అంటే ఒకే వైరు ఒక పక్క సాగి పలచబడింది, ఇంకో పక్క కుంచించుకుని లావెక్కింది. ఆ మాట నీ నోటితోనే చెప్పి మళ్లీ రాగి రాగే అంటావేం?

అల్లుడు: గుండ్రటి తీగలో ఆ తేడా కంటికి కూడా ఆనదు. గూటం మరీ చిన్నదైతే అడ్డుకోత కాస్త గుడ్డు ఆకారంలోకి వస్తుంది, అంతే.

మామ: గుండ్రటి వైరులో కనపడదు గనక లేదంటున్నావు. పట్టీలో చూడు, కనపడుతుంది. వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రాగి పట్టీని అంచు మీద నిలబెట్టి చుట్టినవాణ్ణి నేను. లోపలి అంచు ఉబ్బుతుంది, బయటి అంచు పలచబడుతుంది. చుట్టు మీద చుట్టు పేర్చుకుంటూ పోతే లోపలి వైపు అంచులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, బయటి వైపు సందులు తెరుచుకుంటాయి. కాగితం ఇన్సులేషన్ నలిగేది ఎప్పుడూ లోపలి వైపే.

ఇక్కడ అల్లుడు కాగితం తీసుకుని లెక్క వేశాడు. 6 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని 60 మిల్లీమీటర్ల గొట్టం చుట్టూ అంచు మీద వంచితే లోపలి అంచు 9 శాతం కుంచించుకుంటుంది. రాగి ఘనపరిమాణం తగ్గదు కాబట్టి పొడవులో పోయింది మందంలోకి, వెడల్పులోకి చేరాలి. లోపల మందం 3.13 దాకా పెరుగుతుంది, బయట 2.86కు తగ్గుతుంది. నలభై చుట్లు పేరిస్తే ఎత్తు 120 మిల్లీమీటర్లు రావాలి. లోపలి వైపు మాత్రం 125 దాటుతుంది. ఎదుటివాడి మాటను బలపరిచే ఈ లెక్కను అతను దాచకుండా చదివి వినిపించడం నాకు నచ్చింది.

అల్లుడు: ఒప్పుకుంటున్నాను. మా స్ప్రింగుల పనిలోనూ ఇది ఉంది. చుట్టాక దీర్ఘచతురస్రంగా ఉండాల్సిన తీగను చుట్టకముందు ఒక అంచు సన్నగా, ఒక అంచు లావుగా చేసి తెప్పిస్తారు. సన్న అంచు లోపలికి వచ్చేలా చుడితే అది ఉబ్బి రెండు అంచులూ సమానమవుతాయి. జెనీవా దగ్గర సెర్న్‌లో ప్రోటాన్ల దారిని వంచే 1232 డైపోల్ అయస్కాంతాల కేబుల్‌కు కూడా అడ్డుకోత ముందే అలా ఏటవాలుగా ఉంటుంది. అయితే అక్కడి కారణం వేరు. గుండ్రటి గొట్టం చుట్టూ చుట్లన్నీ కమాను రాళ్లలా ఇమిడిపోవాలని అలా చేశారు. కానీ మామయ్యా, ఇదంతా ఆకారం గొడవ. నేను అడిగేది తీగ పాడైందా అని.

మామ: పట్టుకుని చూడు. ఈ ముక్క కొత్త రీలులోంచి కోసింది, ఇది పాతది. రెండూ 20 గేజే. వేళ్లతో వంచు.

కొత్త ముక్క ఎలా వంచితే అలా ఒదిగి అక్కడే ఉండిపోయింది. పాతది మొరాయించింది. వంచి వదిలితే కొంత వెనక్కి వచ్చింది. పైగా ఎక్కడ పాత వంపు ఉందో ఆ చోటు వదిలి దాని పక్కన వంగింది. సాపు చేసిన తీగలో పాత మూలలన్నీ చిన్న చిన్న అలలుగా మిగిలే ఉన్నాయి. వాటి మీద గోరు పోనిస్తే వేలికి తెలుస్తోంది.

మామ: చూశావా? బలం పోయింది.

అల్లుడు: కాదు మామయ్యా, బలం పెరిగింది! పోయింది మెత్తదనం. రాగిని చల్లగా ఉండగా వంచినా, సాగదీసినా లోపలి స్ఫటికాల పొరలు జారి ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఆ తర్వాత వంచాలంటే ఇంకా బలం కావాలి. వంచావు, మళ్లీ సాపు చేశావు. నువ్వనుకున్నట్టు మొదటి మార్పు రద్దు కాలేదు, దాని మీద రెండో మార్పు పడింది. ఒక దిక్కుకు లాగి లొంగదీసిన లోహం ఎదురు దిక్కుకు తొందరగా లొంగుతుందని మ్యూనిక్‌లో బౌషింగర్ 1880లలోనే కొలిచి చూపించాడు. అంటే లోహంలో పాత వంపు గుర్తు నిలిచే ఉంటుంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనిలో సన్నతీగ చుట్టేవాళ్లనడుగు, గట్టిపడ్డ వెండిని కాల్చి మెత్తబరిచాకే మళ్లీ వంచుతారు. రాగినీ కాలిస్తే కొత్తదానిలా మెత్తబడుతుంది.

మామ: కాలిస్తే పూత ఏమవుతుంది?

అల్లుడు: పోతుంది.

మామ: మరి పూత లేని వైరు నాకెందుకురా?

ఈ ప్రశ్న దగ్గర వాదం రాగిని దాటి అసలు చోటుకు వచ్చింది. మనం తీగ అనగానే లోహాన్నే తలుచుకుంటాం. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ చేసిన మొదటి విద్యుదయస్కాంతంలో తీగకు పూత లేదు. అందుకే ఒక చుట్టు ఇంకో చుట్టుకు తగలకుండా ఎడంగా చుట్టాల్సి వచ్చింది, పద్దెనిమిది చుట్ల దగ్గర ఆగాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు గుడ్డ తొడిగి, చుట్టు పక్కన చుట్టు, పొర మీద పొర వేశాడు. చుట్లు పెరిగేకొద్దీ అయస్కాంతం ఎత్తే బరువు ఎన్నో రెట్లైంది. ఈనాటి మోటారులో ఆ పట్టు పని చేసేది వెంట్రుక కంటే పలచటి ఎనామిల్ పొర. చుట్టినప్పుడు రాగితోపాటు ఆ పొరా సాగాలి.

అల్లుడు: సాగుతుంది కూడా. కొత్త ఎనామిల్ తీగను దాని మందమంతే ఉన్న కడ్డీ మీద చుట్టి పూత పగిలిందా లేదా అని పరీక్షిస్తారు. నా సూత్రంలో కడ్డీ మందమూ తీగ మందమూ సమానమైతే బయటి అంచు సాగుడు 50 శాతం. అంత సాగుడుకు ఆగే పూత నీ నాలుగు శాతానికి పగులుతుందా?

మామ: కొత్త పూతకు పెట్టే పరీక్ష అది. ఇది ఎన్నో ఎండాకాలాలు వేడెక్కి చల్లారిన పూత. వోల్టేజీ తగ్గిందంటే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, లోపల కాగుతుంది. ఇంకో మాట విను. చుట్టాక దీనికి వార్నిష్ పట్టించి ఓవెన్‌లో ఆరబెట్టాం. వైరు వైరుతో అతుక్కుని కట్టె అయిపోయింది. మామూలుగా మేము ఒక పక్క తల కోసేసి రెండో పక్క నుంచి కట్టలు కట్టలుగా గుంజేస్తాం. దీన్ని విడి వైరుగా తియ్యాలంటే ఒక్కో వైరునూ పక్కదాని మీంచి పీకాలి. పీకినప్పుడు ఎవరి పూత ఎవరికి అంటుకుని వస్తుందో నీ సూత్రం చెబుతుందా?

అల్లుడు: సూత్రం చెప్పదు, కానీ ఇంకో లెక్క చెబుతుంది. 20 గేజి రాగి కిలోకు సుమారు 170 మీటర్లు వస్తుంది. ఒక చుట్టు 70 సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు 240 చుట్లు. చుట్టుకు నాలుగు మూలలు. అంటే కిలో తీగలో వెయ్యికి దగ్గరగా వంపులు. వీటిలో పూత చిట్లిన వంపులు రెండు పక్కపక్కన పడితే చాలు, ఆ చుట్లు షార్ట్ అవుతాయి. షార్ట్ అయిన చుట్టులో దానికదే పెద్ద కరెంటు తిరుగుతుంది, అక్కడే కాలడం మొదలవుతుంది. వెయ్యి వంపుల్నీ భూతద్దంతో చూడలేం. సరే, పాత తీగ సంగతిలో నేను ఓడాను.

మామ: ఓడడం గెలవడం కాదు నాయనా. మోటారు ఆగితే పైరు ఎండుతుంది.

అల్లుడు: అయితే ఇప్పుడు నా వంతు. నువ్వు కొత్త తీగను చుట్టే పద్ధతి చూశాను. చేతికి గుడ్డ చుట్టుకుని బలం కొద్దీ గుంజి చుడతావు. దానివల్లా తీగ మారుతుంది, అదీ చెడ్డ వైపుకు.

మామ: గుంజకపోతే కాయిలు వదులౌతుంది. స్లాటులో పట్టదు. పట్టినా కరెంటు పెట్టగానే వైర్లు గజగజలాడి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అచ్చు మీద చుట్టేటప్పుడు మూలల్లో వైరు బిగుస్తుంది, నడుమ బొద్దుగా బయటికి పొంగుతుంది. పొంగు అణగాలంటే గుంజాల్సిందే.

అల్లుడు: 20 గేజి తీగ అడ్డుకోత 0.657 చదరపు మిల్లీమీటర్లు. మెత్తటి తీగ కదా, పది కిలోల బరువు వేలాడదీసినా మళ్లీ వెనక్కి రానంతగా సాగుతుంది. నువ్వు గుంజి గుంజి మూడు శాతం సాగదీశావనుకో. పొడవు మూడు శాతం పెరిగింది, ఘనపరిమాణం అంతే కాబట్టి అడ్డుకోత దాదాపు మూడు శాతం తగ్గింది. రెండూ కలిసి నిరోధం ఆరు శాతం పెరుగుతుంది. అదే కరెంటుకు రాగిలో పుట్టే వేడి కూడా ఆరు శాతం ఎక్కువ. ఇన్సులేషన్ పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని ఆయువు సగానికి పడిపోతుందని వైండింగ్ పుస్తకాలన్నీ చెప్పే లెక్క. ఆరు శాతం వేడి ఊరికే పోదు మామయ్యా.

మామ: మూడు శాతం సాగిందని ఎవరు చూశారు?

అల్లుడు: మైక్రోమీటర్ చూస్తుంది. 0.914 ఉండాల్సింది 0.90 చూపిస్తుంది.

మిస్త్రీ తను చుట్టి పెట్టిన కొత్త కాయిలు తల తీశాడు. అగ్గిపుల్ల వెలిగించి కొస మీద పూత కాల్చి, మసి గుడ్డతో తుడిచి, మైక్రోమీటర్‌లో పెట్టాడు. తర్వాత రీలు మీది తీగ కొలిచాడు. కాయిలుది రీలు కంటే సన్నగానే వచ్చింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట మాత్రం ఏ పుస్తకంలోనూ చదవనిది.

మామ: ఇందులో ఇంకో ప్రమాదం ఉందిరా. కాలిన మోటారు తెస్తే మేము పాత వైరు కొలిచే కొత్త గేజి నిర్ణయిస్తాం. నేను గుంజి సన్నబరిచి చుడితే, అది కాలాక ఇంకో షాపువాడు ఆ సన్నబడ్డ కొలతే అసలు కొలత అనుకుంటాడు. అతని దగ్గర సరిగ్గా ఆ సైజు లేకపోతే కిందిది వేస్తాడు. అతనూ గుంజుతాడు. మూడు నాలుగుసార్లు చుట్టిన మోటారు కొత్తదానిలా ఎందుకు లాగదో ఇన్నాళ్లూ కోరు పాడైందనే అనుకున్నాం.

అల్లుడు: కోరూ పాడవుతుంది, అదీ నిజమే. కానీ తీగ సన్నబడేది మన చేతిలో ఉన్న సంగతి. నడుమ పొంగితే చెక్క సుత్తితో మెల్లగా తట్టి అణుచు, గుంజకు. చుట్లు కదలకుండా పట్టుకోవడం వార్నిష్ పని, స్లాటు మూతకు పెట్టే వెదురు బద్ద పని. ఆ పని తీగను సాగదీసి చేయించకూడదు.

మామ: మీ స్ప్రింగులోళ్లు గుంజరా?

అల్లుడు: మా బాధ వేరు. గట్టి ఉక్కు తీగ చుట్టి వదలగానే విప్పుకుంటుంది. అందుకే కావలసిన సైజు కంటే సన్నటి కడ్డీ మీద చుడతాం. అక్కడితో అవదు. వెనక్కి విప్పుకున్నప్పుడు తీగ లోపలి అంచులో లాగుడు మిగిలిపోతుంది. చుట్టేటప్పుడు నొక్కుకున్న వైపే ఇప్పుడు సాగదీసినట్టు బిగిసి ఉంటుంది. అందుకని 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి ఆ బిగువు తీస్తాం. అప్పుడూ ఆకారం మారుతుంది. మామూలు ఉక్కు స్ప్రింగు కొంచెం ముడుచుకుంటుంది, స్టెయిన్‌లెస్ కొంచెం విప్పుకుంటుంది. దాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇంకో విచిత్రం చెప్పనా? స్ప్రింగును లాగితే తీగ సాగుతుందనుకుంటారు అందరూ. తీగ పొడవు దాదాపు అంతే ఉంటుంది, తన ఇరుసు చుట్టూ తను మెలితిరుగుతుంది. రాబర్ట్ హుక్ 1678లో అచ్చు వేసిన నియమం స్ప్రింగుకూ సూటి తీగకూ ఒకటే, లోపల జరిగేది మాత్రం వేరు.

మామ: మెలి అన్నావు కాబట్టి చెబుతున్నాను. మా పనిలో వైరును చంపేది మెలికే. కుర్రాళ్లు రీలును నేల మీద నిలబెట్టి పైకి లాగుతారు. అలా లాగితే ఊడిన ప్రతి చుట్టుకూ వైరులో ఒక మెలి పడుతుంది. చేయి బిగువుగా ఉన్నంతసేపూ కనపడదు. ఒక్క క్షణం వదులు చేస్తే టక్కున ఉచ్చు పడుతుంది. ఉచ్చును విప్పకుండా లాగారా, అది బిగిసి వైరు తన మీద తనే మడత పడుతుంది. దాన్ని వేళ్లతో సాపు చేసి, ఏమీ కానట్టు స్లాటులోకి తోసేస్తారు.

అల్లుడు: అక్కడ సాగుడు నా సూత్రం ప్రకారమే 50 శాతం దగ్గర. పైగా నున్నటి కడ్డీ ఆసరా కూడా లేదు. పూత బతకదు. నువ్వు చెప్పిన మెలి ఉచ్చుగా మారడం గణితంలో పెద్ద విషయం. తీగ రెండు కొసలూ పట్టుకుని ఉంటే లోపలి మెలి, బయటి చుట్టు కలిపిన మొత్తం మారదు. ఒకటి తగ్గితే రెండోది పెరగాలి. బిగువు తగ్గగానే మెలి చుట్టుగా బయటపడుతుంది. మన కణాల్లోని డీఎన్‌ఏ ముడుచుకోవడానికీ ఇదే లెక్క వాడతారు.

మామ: గణితం సరే, రీలును ఇరుసుకు తగిలించి దొర్లనిస్తే మెలి పడనే పడదు. నేను మొదట నేర్చుకున్న పని అదే.

రైతు అప్పటిదాకా వింటూనే ఉన్నాడు. ఇంతకీ నా పాత రాగి ఏం చెయ్యమంటారు అని అడిగాడు. మిస్త్రీ దాన్ని తూకం వేసి, పాత రాగి ధర కట్టి, కొత్త తీగ ఖర్చులోంచి తగ్గించి చెప్పాడు. అది కరిగి, మళ్లీ కడ్డీ అయి, అచ్చుల్లోంచి తీగగా సాగి, మెత్తబడి, కొత్త పూత వేసుకున్నప్పుడే అల్లుడన్న 'రాగి రాగే' అనే మాట నిజమవుతుంది.

నా తీర్పు ఇది. పాత తీగ విషయంలో మిస్త్రీదే ఒప్పు, గుంజి చుట్టే విషయంలో ఇంజనీరుదే ఒప్పు. మోటారు చుట్టించే రైతు సోదరులకు ఒక విన్నపం. పాత తీగతో చుట్టమని ఏ మిస్త్రీనీ ఒత్తిడి పెట్టకండి. గేజి ఎంత, స్లాటుకు ఎన్ని చుట్లు, మొత్తం తూకం ఎంత అన్నది కాగితం మీద రాయించుకుని ఇంట్లో దాచండి. ఈసారి మోటారు కాలితే కొత్త షాపువాడు సాగిన తీగను కాకుండా ఆ కాగితాన్ని చూసి చుడతాడు. మోటారు బిగించిన రోజునే టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల ఆంపియర్లూ చూపించమని అడగండి. 5 హెచ్‌పీ మోటారుకు పూర్తి లోడు మీద ఏడెనిమిది ఆంపియర్లు మామూలు. మూడు అంకెల మధ్య పెద్ద తేడా ఉంటే ముందు కరెంటు సరఫరా చూడండి, అది సరిగ్గా ఉంటే మోటారును నడపకుండా వెనక్కి తీసుకెళ్లండి.